పిన్ని షాపులో తగ్గింపు లేదు

ఆఫీసు వెనక వీధి, మేడ మీది గది
వానలు మొదలైన వారం

పిన్నీ,

వేళకి తింటున్నాను. తొందరగానే పడుకుంటున్నాను. తడితలతో బయట తిరగడం లేదు. నీ ప్రశ్నలు అయిపోయాయి కాబట్టి ఇక నా సంగతి చెబుతాను.

ఫోన్లో చెబుదామంటే సగంలో "కస్టమరొచ్చారే, ఉండు" అని పెట్టేస్తావు. లెక్కలు చెవిలో నిలవవు, కాగితం మీద రాసి పంపమని నువ్వే అన్నావు కదా. అందుకే ఈ ఉత్తరం.

నన్ను ధరల విభాగంలోకి మార్చారు! ఇన్ని ఊళ్ళలో ఉన్న మా కంపెనీ చెప్పుల షాపులన్నిట్లో ఏ జత మీద ఎంత ధర అంటించాలి, ఎప్పుడు ఎంత తగ్గించాలి అన్నది మా గదిలోనే తేలుతుంది. చిన్న గది. నలుగురం, ఒక ఫ్యాను, పెద్ద మేడం.

మొన్న నేనేం చేశానో విను. మామూలుగా వెయ్యికి అమ్మే బూట్లున్నాయి. ముందు నలభై శాతం పెంచి, ట్యాగు మీద పద్నాలుగు వందలని అచ్చు వేయించాను. కొన్నాళ్ళు అలా ఉంచి, తర్వాత ఎర్రటి అక్షరాలతో "ముప్పై శాతం తగ్గింపు" అని పెట్టించాను. పద్నాలుగు వందల్లో ముప్పై శాతం అంటే నాలుగు వందల ఇరవై. అది తీసేస్తే తొమ్మిది వందల ఎనభై. చూశావా? కొన్నవాళ్ళకి అసలు తగ్గింది ఇరవై, అంటే నూటికి రెండు. వాళ్ళు మాత్రం నాలుగు వందల ఇరవై మిగిలిందని ఈల వేసుకుంటూ ఇంటికి పోతారు.

పెద్ద మేడం నా భుజం తట్టింది. ఈ ఏడాది నీకు పన్నెండు శాతం పెంపు ఖాయం అంది. అమ్మ పోయాక నువ్వు స్టూలు మీద కూర్చుని చెప్పులమ్మి నన్ను చదివించావు. చివరికి నేనూ చెప్పుల్లోకే వచ్చిపడ్డాను, చూడు!

సూది మామయ్య కళ్ళజోడు మార్చాడా? షాపెలా ఉంది?

నీ పిట్ట

*

షాపు, బేరాల్లేని మధ్యాహ్నం

పిట్టా,

నీ ఉత్తరం మీ సూది మామయ్యకి చదివి వినిపించాను. వెనక బల్ల దగ్గర ఎవరిదో తెగిన చెప్పు ఒళ్ళో పెట్టుకుని, సూది ఆపి మరీ విన్నాడు. "పిల్లని చదివించింది ఊళ్ళో జనం చేత ఈల వేయించడానికన్నమాట, బాగుంది చెల్లెమ్మా" అన్నాడు. కోపం కాదులే. ఆయన మాటలు నీకు తెలియనివా? కళ్ళజోడు మార్చలేదు. పాతదాని పుల్లకి దారం చుట్టుకున్నాడు.

పన్నెండు శాతం అన్న మాట చదివి నాకు కడుపు నిండిపోయింది. ఆ డబ్బుతో ముందు ఒక మంచి పరుపు కొనుక్కో. ఇక్కడికి ఏమీ పంపకు.

షాపు బాగానే ఉంది. జనం వస్తున్నారు.

నీకు లెక్కలొచ్చు కాబట్టి ఒకటి అడుగుతాను. నాకు తెలిసినావిడ ఒకతె ఉంది. మనలాగే చిన్న చెప్పుల షాపు. వాళ్ళ వీధిలోకి ఇంకో షాపు వచ్చి తగ్గింపు బోర్డు పెట్టేసరికి, ఈవిడా ఉండబట్టలేక ఇరవై శాతం తగ్గింపు అని బోర్డు పెట్టింది. జనం పెరిగారు. ఇదివరకు పది జతలు పోయేచోట ఇప్పుడు పదిహేను పోతున్నాయి. నిలబడి నిలబడి కాళ్ళు పీకేస్తున్నాయట. తీరా షాపు కట్టేసే వేళకి చేతిలో ఏమీ కనబడటం లేదట. ఇరవై శాతం తగ్గిస్తే లాభం కూడా ఇరవై శాతమే కదా తగ్గాలి? బేరం సగానికి సగం పెరిగినప్పుడు ఆ నష్టం పూడిపోవాలి కదా? దొంగతనం ఏమైనా జరుగుతోందా అని పాపం ఆవిడ బెంగ పెట్టుకుంది.

తీరిక చూసుకుని రాయి. తొందరేం లేదు.

పిన్ని

*

మేడ మీది గది
ఆదివారం

పిన్నీ,

దొంగతనం ఏమీ కాదని ఆవిడకి చెప్పు. దొంగ ఆ బోర్డే.

నువ్వు వందకి అమ్మే జత డెబ్బై ఐదుకి తెస్తావు కదా, ఆవిడా అంతే అనుకుందాం. వందకి అమ్మితే మిగిలేది పాతిక. ఇప్పుడు ఇరవై తగ్గించి ఎనభైకి అమ్ముతోంది. తెచ్చిన ధర తగ్గలేదు కదా, అది డెబ్బై ఐదే. ఇక మిగిలేదెంత? ఐదు! తగ్గింపు అమ్మే ధర మీద రాస్తాం గానీ, ఆ ఇరవై మొత్తం ఊడిపోయేది లాభంలోంచి. పాతికలో ఇరవై పోయిందంటే లాభం నూటికి ఎనభై పోయినట్టు.

ఇదివరకు పది జతలమ్మితే రెండు వందల యాభై మిగిలేది. ఇప్పుడు పదిహేను జతలమ్మినా డెబ్బై ఐదే. ఇంతకు ముందు మిగిలినంత మిగలాలంటే పది జతలు అమ్మేచోట యాభై అమ్మాలి. చిన్న షాపులో అన్ని కాళ్ళు ఎక్కడ పడతాయి పిన్నీ? అద్దె, కరెంటు, పనివాళ్ళ జీతం ఇంకా తీయలేదు. అవి కూడా తీస్తే ఆవిడ చేతి డబ్బు పెట్టి చెప్పులు పంచుతున్నట్టే.

అసలు సంగతి ఏంటంటే, ఆ ఎదుటివాళ్ళు మాలాంటి వాళ్ళే అయ్యుంటారు. ముందు పెంచి తర్వాత తగ్గిస్తారు. వాళ్ళది ఉత్తుత్తి తగ్గింపు. ఈవిడది నిజం తగ్గింపు. ఆవిణ్ణి ఆ బోర్డు వెంటనే తీసేయమను.

పాపం, ఎవరు పిన్నీ ఆవిడ? నాకు తెలిసినావిడేనా?

నీ పిట్ట

*

షాపు

పిట్టా,

ఆవిడకి చెప్పాను. కాగితం తెచ్చుకుని నువ్వు రాసినట్టే వేసుకుని చూసుకుంది. బోర్డు తీసేస్తే వచ్చే ఆ నలుగురూ రారేమోనని భయమట. చూద్దాం.

నీకు తెలియనావిడే.

వాన నీళ్ళు గుమ్మం దాకా వచ్చాయి. అట్టపెట్టెలు పైకి సర్దుకోవాలి, ఉంటాను.

పిన్ని

*

మేడ మీది గది
బుధవారం, ఆఫీసుకి పోలేదు

పిన్నీ,

ఎందుకు దాచావు?

మా ఆఫీసులో బ్రాంచీలకి ఊరి పేర్లుండవు. నంబర్లే. నలభై ఒకటో బ్రాంచీ అంటే నాకు కంప్యూటరులో ఒక వరస, అంతే. అక్కడ ఈ గదిలోకి వచ్చినప్పటి నుంచీ ఇరవై, ముప్పై శాతాలు నేనే పెట్టిస్తున్నాను. నిన్న పొద్దున షాపు ముందరి అద్దాల బీరువా అలంకరణ ఎలా ఉందో చూడమని ఆ బ్రాంచీవాళ్ళు ఫొటో పంపారు. అద్దం నిండా నా ఎర్రటి అక్షరాలు. వాటి మధ్య అద్దంలో వీధికి అవతలి వైపు నీడలా తిరగబడి కనిపించింది. నీలం రంగు తలుపులు. తలుపు పక్కన స్టూలు మీద నువ్వు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఈ అద్దాల వైపే చూస్తున్నావు. నీ తల మీద "ఇరవై శాతం తగ్గింపు" అని చేత్తో రాసిన బోర్డు, అక్షరాలు తిరగేసి ఉన్నాయి.

నీకు తెలిసినావిడ!

ఈల వేసుకుంటూ పోతారని ఎంత గొప్పగా రాశానో తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆ ఉత్తరం చదువుతున్నప్పుడు నువ్వు తలెత్తితే ఎదురుగా ఆ బూట్లే కనబడి ఉంటాయి కదా. చదివి, ముందు పరుపు కొనుక్కోమని రాశావు!

నేనీ ఉద్యోగం మానేస్తున్నాను. వచ్చి నీ పక్కన కూర్చుంటాను.

పిట్ట

*

షాపు, తలుపులు మూసుకుని

ఒసే పిట్టా,

ముందు ముక్కు తుడుచుకో. తర్వాత చదువు.

ఉద్యోగం మానేశావంటే నేను నీతో మాట్లాడను. మానేసి వచ్చి ఏం చేస్తావు? ఒక స్టూలు మీద ఇద్దరం కూర్చుందామా? నా షాపు మీద ఇప్పుడు నేనొక్కదాన్ని తినడమే కష్టంగా ఉంది. నువ్వొస్తే ఆ కష్టాన్ని రెండుతో హెచ్చవేసినట్టవుతుంది. నువ్వు కాకపోతే ఆ గదిలో ఇంకెవరో కూర్చుని అవే అంకెలు వేస్తారు. నీకు తెలిసి చేసిన పనా అది?

ఎందుకు దాచానంటే, నీకు ఆ పని ఇష్టంగా ఉంది. ఉత్తరం నిండా నవ్వే ఉంది. ఆ నవ్వు ఎలా ఆపను?

ఇప్పుడు ఉన్నదున్నట్టు చెబుతాను. ఎదుటి షాపు వచ్చిన నెలలోనే నాకు సగం బేరం పోయింది. అప్పుడే బోర్డు పెట్టాను. తర్వాత సంగతి నువ్వే లెక్క కట్టి పంపావు. సూది మామయ్య జీతం ఇరవై శాతం తగ్గించాల్సి వచ్చింది. అది నా నోటితో చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. చెబితే ఆయన, "సరే చెల్లెమ్మా, ఈ దారం రీలు అయిపోవచ్చింది, తెప్పించు" అన్నాడు. అంతే. కళ్ళజోడు ఎందుకు మార్చలేదో నీకిప్పుడు అర్థమై ఉంటుంది.

నీ లెక్క చూసిన రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. కానీ ఒకలాగ తేలికైంది కూడా. ఇన్నాళ్ళూ నా చేతకానితనం అనుకున్నాను. వయసైపోయింది, మాటకారితనం తగ్గింది, నా ముఖం చూసి జనం బేరమాడుతున్నారు అని ఏవేవో అనుకున్నాను. అదంతా కాదు, పాతికలోంచి ఇరవై తీస్తే ఐదు. ఇంత చిన్న సంగతా అనిపించింది.

నిన్న బోర్డు తీసేశాను. వచ్చినవాళ్ళు "ఆఫర్ లేదా?" అన్నారు. లేదన్నాను. వెళ్ళిపోయారు. రోజు మొత్తం మీద అమ్మింది రెండే జతలు. అయినా సరే, పొద్దు పోయాక మిగిలింది చూసుకుంటే, మొన్న కాళ్ళరిగేలా తిరిగి అమ్మితే మిగిలినదానికి మరీ తక్కువేం కాలేదు.

నువ్వు రేపు ఆఫీసుకి వెళ్ళు. వెళ్ళానని రాయి.

పిన్ని

*

మేడ మీది గది

పిన్నీ,

వెళ్ళాను. వెళ్తున్నాను. మానేయలేదు, ఒట్టు.

ఒక చిన్న మార్పు. నన్ను గిన్నెలు, బకెట్ల విభాగంలోకి వేశారు. నేనే అడిగాను, చెప్పులు చూసీ చూసీ విసుగొచ్చింది. ఇక్కడ పని తక్కువ, కిటికీ పక్క కుర్చీ. నువ్వు బెంగపడటానికి ఇందులో ఏమీ లేదు.

సూది మామయ్య జీతం మళ్ళీ మునుపటిలా చేసేటప్పుడు జాగ్రత్త. ఇరవై తగ్గించాం కదా అని ఇరవై పెంచేవు. వందలోంచి ఇరవై పోతే ఎనభై. ఎనభై మీద ఇరవై శాతమంటే పదహారే. తొంభై ఆరు దగ్గరే ఆగిపోతుంది. వంద అవ్వాలంటే పాతిక శాతం పెంచాలి. తగ్గినంత తేలిగ్గా పెరగవు పిన్నీ ఇవి.

బేరాలెలా ఉన్నాయో నిజం రాయి.

నీ పిట్ట

*

షాపు, చలి మొదలైంది

పిట్టా,

నిజం రాయమని నాకు చెబుతున్నావు, నువ్వేం రాశావమ్మా?

మొన్న ఎదుటి షాపు మేనేజరు పిల్ల మా గుమ్మం ఎక్కింది. నీ ఈడుదే ఉంటుంది. కుంటుతూ వచ్చింది. పొద్దస్తమానం నిలబడే ఉద్యోగం, వాళ్ళ షాపు బూట్లే వేసుకోవాలట. చిటికెన వేళ్ళు రెండూ పుళ్ళు. సూది మామయ్య ఆ బూట్లని చెక్క అచ్చుకి ఎక్కించి, వేళ్ళ దగ్గర తోలు సాగదీసి ఇచ్చాడు. వేసుకుని నాలుగడుగులు నడిచి, ఆ పిల్ల అలాగే కూలబడి కళ్ళు తుడుచుకుంది. నేను టీ ఇచ్చాను. ఎదుటి షాపు మనిషైనా కాళ్ళు కాళ్ళే కదా.

టీ తాగుతూ చెప్పింది. "మీ షాపు గురించి మా హెడ్డాఫీసులో ఒకమ్మాయిని ఏదో అడిగారటండీ. ఆ అమ్మాయి చెప్పనందట. ఆ కుర్చీలోంచి లేపేసి, పెంపు కూడా కోసేశారని బ్రాంచీలన్నిట్లోనూ చెప్పుకుంటున్నారు. ఆ అమ్మాయి మీకేమవుతుందండీ?"

నేను టీ గిన్నె కడగడానికి లేచాను. సూది మామయ్య మాత్రం వెనక నుంచి, "మా పిట్ట" అన్నాడు.

ఇప్పుడు రాయి. ఏం జరిగింది?

పిన్ని

*

మేడ మీది గది

పిన్నీ,

సరే, విను.

ఆ ఫొటో చూసిన రోజు ఉన్నట్టుండి నా నోట్లోంచి "అయ్యో, మా పిన్ని షాపు" అని వచ్చేసింది. పెద్ద మేడం వెనకే నిలబడి ఉంది. నీ ఉత్తరం చూసి మళ్ళీ ఆఫీసుకి వెళ్ళిన రోజు గదిలోకి పిలిచింది. కూర్చోమంది. నీళ్ళు తాగమంది.

"నలభై ఒకటి దగ్గర మనం అనుకున్నంత పోవడం లేదు. ఎదుటి షాపు ఎంతవరకు తగ్గించగలదో తెలిస్తే మనం దానికి ఒక మెట్టు కింద పెడదాం. కొన్నాళ్ళు మనకి నష్టమైనా ఫరవాలేదు. వాళ్ళు జత ఎంతకి కొంటారు?" అని అడిగింది.

నూటికి డెబ్బై ఐదు. నా నాలిక చివరే ఉంది పిన్నీ. డెబ్బై నాలుగు పెడితే చాలు, ఆరు వారాల్లో ఆ నీలం తలుపులకి తాళం పడుతుంది. ఆ లెక్క నాకంటే తొందరగా ఎవరూ వేయలేరు.

"తెలుసండీ, కానీ చెప్పలేను" అన్నాను.

"తెలియదంటే సరిపోయేది కదమ్మా" అంది.

"అబద్ధమవుతుందండీ" అన్నాను.

చాలాసేపు బల్ల మీద పెన్ను దొర్లిస్తూ కూర్చుంది. కోపంగా లేదు, అదే నాకు ఏడుపు తెప్పించింది. "అడగడం నా పని. చెప్పకపోవడం నీ ఇష్టం. కానీ ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు చెప్పాలి. నిన్ను మారుస్తాను. పన్నెండు మాత్రం ఇవ్వలేను, మూడు ఇస్తాను" అంది. తలుపు దాకా వచ్చి, "మీ పిన్నిగారికి ఇవేవీ రాయకు, బాధపడతారు" అంది. అందుకే రాయలేదు.

ఇంటద్దె ఈ ఏడాది ఎనిమిది శాతం పెరిగింది. జీతం మూడు పెరిగింది. కాబట్టి పరుపు ఇప్పట్లో కొనను. చాప మీద నిద్ర బాగానే పడుతోంది. నువ్వు నన్ను తిట్టకు. ఇంకో దారి నాకు తోచలేదు.

పిట్ట

*

షాపు, ఎండ వచ్చిన పూట

పిట్టా,

తిట్టను. నీ ఉత్తరం మడిచి జాకెట్టులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. పరుపు మాత్రం నేను పంపించేశాను. శుక్రవారానికి వస్తుంది. ఇంట్లో ఉండి దింపించుకో. వద్దని రాయకు, ఆ మాట వినే ఓపిక నాకు లేదు.

ఇక్కడి సంగతులు చెబుతాను. ఎదుటి షాపు మేనేజరు పిల్ల తన కింద పనిచేసే ఆడపిల్లలందర్నీ ఒక్కొక్కరిగా మా గుమ్మం ఎక్కించింది. తర్వాత ఆసుపత్రి నర్సులు మొదలెట్టారు. ఒక కాలు పెద్దది, ఒక కాలు చిన్నది ఉన్నవాళ్ళు, పాదాలు వెడల్పుగా ఉన్నవాళ్ళు, బస్సుల్లో టికెట్లు కొట్టేవాళ్ళు వస్తున్నారు. ఎదురుగా కొనుక్కుని, ఇక్కడికొచ్చి సాగదీయించుకుంటున్నారు. కొందరు సగం దారిలోనే తెలివి తెచ్చుకుని ఇక్కడే కొంటున్నారు. ఎవరైనా తగ్గింపు అడిగితే, "తగ్గించను, కానీ కరిస్తే వెనక్కి తీసుకురండి, సరిచేసి ఇస్తాం" అంటున్నాను. ఎదుటి షాపు రాకముందు వచ్చినదాంట్లో ఇప్పుడు నూటికి డెబ్బై వస్తోంది. మిగతా ముప్పై వస్తుందని నేను అనుకోవడం లేదు. డెబ్బైతో బతకొచ్చు.

అసలు చెప్పాల్సింది ఇది. పోయిన వారం ఎదుటివాళ్ళు సూది మామయ్యని పిలిచారు. వాళ్ళ షాపులోనే రిపేరు బల్ల పెడతారట, నేనిచ్చేదాని మీద యాభై శాతం ఎక్కువ ఇస్తామన్నారట. ఆయన వచ్చి నాతో చెప్పాడు, తల దించుకుని, దారం మైనానికి రుద్దుతూ. ఈ పూట షాపు నడుస్తోందంటే ఆ చేతుల వల్లే.

"వెళ్ళండి అన్నయ్యా. నేనంత ఇవ్వలేను" అన్నాను.

"ఇవ్వలేవని నాకు తెలుసు. వెళ్ళమనే చెబుతావా, ఇంకేమైనా చెబుతావా?" అన్నాడు.

అప్పుడు తోచింది నాకు. జీతం కాదు, భాగం ఇస్తానన్నాను. నెలాఖరున ఖర్చులు పోగా మిగిలినదాంట్లో నూటికి ముప్పై ఐదు ఆయనది, అరవై ఐదు నాది. ఆయన సూది పక్కన పెట్టాడు.

"మరి నష్టమొస్తే?"

"అందులోనూ ముప్పై ఐదు మీదే."

నేను ఉన్నమాట చెప్పాను గానీ, చెబుతున్నప్పుడే అయిపోయిందనుకున్నాను. ఎదురుగా ఖాయమైన జీతం ఉంటే ఎవరు ఒప్పుకుంటారు? ఆయన దారానికున్న మైనం వేళ్ళతో తుడుచుకుని, "నష్టంలో కూడా ఉందంటే నిజంగా భాగమే అన్నమాట. జీతం తగ్గించినప్పుడు నన్నడగలేదు చెల్లెమ్మా. ఇక మీదట అడగాలి" అన్నాడు. అడుగుతానన్నాను. ఇద్దరం సంతకాలు పెట్టుకున్నాం.

మర్నాడు నేను వచ్చేసరికే తలుపులు తీసి ఉన్నాయి. కొత్త కళ్ళజోడు పెట్టుకుని గుమ్మం తుడుస్తున్నాడు. నేను అలవాటు కొద్దీ ముందు అరల దగ్గర లైటు వేశాను. వెనకే వచ్చి ఆర్పేశాడు.

"పట్టపగలు లైటెందుకు చెల్లెమ్మా? అందులో నూటికి ముప్పై ఐదు నాది" అన్నాడు.

పిన్ని